అమ్మమ్మ ఊళ్లో ఉంటే సొల్యూషన్ పీల్చే ఊసే ఎత్తడు, బెజవాడ వస్తే మూడో రోజుకి మళ్లీ మొదలు. తప్పు పిల్లాడిదా, చోటుదా?

ఆటోనగర్ మామ

అందరికీ నమస్కారం. నాది విజయవాడ ఆటోనగర్లో పంక్చర్ షాపు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. రాయడం పెద్దగా రాదు, ఫోన్లో చెబుతుంటే అదే టైపు కొడుతోంది. తప్పులుంటే సర్దుకోండి.

మా అక్క కొడుకు గురించి అడగాలి. పదిహేనేళ్లు నిండాయి. ఇంట్లో చిన్నోడంటాం. బావ లేడు. అక్క ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది.

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగింది కదా, సింగ్‌నగర్లో వాళ్లు అద్దెకుంటున్న గది మునిగిపోయింది. కింద వాటా. రెండు రాత్రులు పైవాటా వాళ్లింట్లో తలదాచుకుని, తర్వాత పడవలో బయటికొచ్చారు. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే బీరువా తలుపు తెరుచుకోవట్లేదు, లోపల బట్టలు ఉబ్బిపోయి ఉన్నాయి. వాడి తొమ్మిదో తరగతి పుస్తకాలు ముద్దముద్ద. గది ఆరేదాకా అక్క హాస్టల్లోనే వంటగది పక్కన పడుకుంది. అక్కడ మగపిల్లాణ్ణి ఉండనివ్వరు. మాది ఒక్క గది, ఐదుగురం. "షాపులో పడుకోరా, నాకూ కాపలా ఉన్నట్టుంటుంది" అన్నాను. ఆ మాట అన్నది నేనే. వారం అనుకున్నది ఐదు నెలలైంది. బడి తెరిచాక కొన్నాళ్లు వెళ్లాడు, తర్వాత మానేశాడు. నేనూ గట్టిగా అడగలేదు. చేతికింద మనిషి దొరికాడు కదా.

షాపంటే పది బై పన్నెండు రేకుల షెడ్డు. ఎడమవైపు లారీలకి పెయింటు కొట్టేవాళ్లు, పొద్దుగూకులూ థిన్నర్ వాసన. కుడివైపు పాత టైర్ల గోడౌను. రాత్రి తొమ్మిది దాటితే ఆ రోడ్డు మీద కుక్కలు, లారీ క్లీనర్లు, లారీ బాడీలు కట్టే షెడ్లలో పనిచేసే నలుగురైదుగురు కుర్రాళ్లు. అంతే. వాళ్లే వీడికి స్నేహితులయ్యారు.

నాకు తెలిసింది డబ్బాల లెక్క వల్ల. మామూలుగా నెలకి ఆరు సొల్యూషన్ డబ్బాలు అవుతాయి, అదే ట్యూబుకి ప్యాచీ అతికించే జిగురు. ఆ జనవరిలో తొమ్మిదయ్యాయి. బేరాలు చూస్తే పెరగలేదు. తర్వాత చూస్తే వాడి చొక్కా కుడి చెయ్యి అట్టకట్టి ఉంది, మూతి చుట్టూ ఎర్రగా పొక్కింది. అన్నం సహించట్లేదనేవాడు. అడిగితే ఏడ్చాడు. "అది పీలిస్తే ఆకలి తెలీదు మామయ్యా, దోమలు కుట్టినా తెలీదు" అన్నాడు.

వేసవిలో మా అమ్మ దగ్గరికి పంపాను. ఆగిరిపల్లి దగ్గర పల్లెటూరు. మామిడి తోట కాపలాకి మా అమ్మతో పాటు వెళ్లేవాడు. రెండున్నర నెలలు. ఒక్కసారి కూడా అడగలేదట. ముఖం తేరుకుంది, నాలుగు కేజీలు పెరిగాడు. బాగైపోయాడనుకుని జూన్లో తీసుకొచ్చా. పది రోజులు తిరక్కుండా మళ్లీ మొదలెట్టాడు. అప్పుడు మత్తు మాన్పించే ఒక ప్రైవేటు సెంటర్లో నెల రోజులు పెట్టాం, ముప్పై రెండు వేలయింది, అందులో ఇరవై వేలు వడ్డీకి తెచ్చిందే. బయటికొచ్చిన మూడో రోజే షట్టరు వెనకాల దొరికాడు. దసరా ముందు మళ్లీ అమ్మ దగ్గర దింపి వచ్చా. ఇప్పుడు కార్తీకం. అక్కడ మళ్లీ మామూలే, ఆ ఊసే లేదు.

నా ప్రశ్న ఇది. అదే పిల్లాడు, అదే ఒళ్లు, ఒక ఊళ్లో గుర్తే రాదు, ఇంకో ఊళ్లో ఆగలేడు. ఇదెలా? ఇంకోటి. ట్యూబు గీకి, సొల్యూషన్ రాసి, ఆరేదాకా ఊదుతూ ఇరవై రెండేళ్లుగా ఆ వాసన పీలుస్తున్నది నేను. నాకు లేని అలవాటు వాడికెందుకొచ్చింది? వాణ్ణి అక్కడే ఉంచేయాలా? సంక్రాంతికైనా తీసుకురావొచ్చా?

---

ముక్కుసూటి

అన్నా, ఏమీ అనుకోకు. ఇవన్నీ ముద్దు చేస్తే వచ్చే రోగాలు. మా నాన్నకి నా జేబులో సిగరెట్ పెట్టె దొరికితే బెల్టు తీశాడు, మళ్లీ ముట్టలేదు. రెండు తగిలిస్తే ఊరూ వాడా అన్నీ ఒకటే అవుతాయి.

---

ఆటోనగర్ మామ

కొట్టాను తమ్ముడూ. ఫిబ్రవరిలోనే కొట్టాను. వీల్ స్పానర్ పక్కనే ఉంటే అది పట్టుకోకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నా, అంత కోపమొచ్చింది. వాడు పారిపోతే వంద అడుగుల రోడ్డు దాకా వెంటబడి తరిమా. రెండు రాత్రులు ఇంటికి రాలేదు. ఎక్కడ దొరికాడో తెలుసా, ఆ బాడీ షెడ్డు కుర్రాళ్ల దగ్గరే. నేను కొడితే వాడికి మిగిలింది వాళ్లే.

---

స్టాఫ్ నర్సు, గుంటూరు

మామగారూ, నేను మానసిక వైద్య విభాగంలో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. ముందు ఒక్క మాట చెప్పి మిగతాది తర్వాత రాస్తాను, ఎందుకంటే మీరు రాసిన ఆ తరమడం చదివి నా గుండె ఆగినంత పనైంది.

సొల్యూషన్ గానీ వైట్నర్ గానీ పీల్చి ఉన్న పిల్లాణ్ణి ఎప్పుడూ తరమకండి, భయపెట్టకండి, వెనక నుంచి అరవకండి. అందులో ఉండే టొలుయిన్ లాంటి ద్రావకాలు గుండెను అడ్రినలిన్‌కి తట్టుకోలేనట్టు చేస్తాయి. మనిషి హడలిపోయి పరిగెడితే ఒంట్లో అడ్రినలిన్ ఒక్కసారిగా పెరుగుతుంది, గుండె లయ తప్పి అక్కడికక్కడే ఆగిపోవచ్చు. దీనికి పాత రోగి, కొత్త రోగి అని లేదు. మొదటిసారి పీల్చినవాడు కూడా పోవచ్చు. ఆ స్థితిలో కనిపిస్తే మెల్లగా పలకరించండి, గాలి వచ్చేచోట కూర్చోబెట్టండి, మత్తు దిగేదాకా పక్కనే ఉండండి. పిలిస్తే పలక్కపోయినా, ఊపిరి తేడాగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. తిట్లేమైనా ఉంటే మర్నాటికి దాచుకోండి.

ఇక మీ రెండు ప్రశ్నలు. మీకెందుకు రాలేదంటే, మొదటిది మోతాదు. మీరు పీల్చేది తలుపులు తీసిన షాపులో గాలిలో కలిసిపోయిన వాసన. వాడు పీల్చింది మూతికి దగ్గరగా పెట్టుకున్న చిక్కటి ఆవిరి. ఊపిరితిత్తుల్లోంచి క్షణాల్లో మెదడుకి చేరుతుంది, కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. దిగగానే మళ్లీ కావాలి. రెండోది వయసు. మీరు ఈ పనిలోకి వచ్చింది పెద్దయ్యాక, వాడికి పద్నాలుగు. మూడోది మీరే రాశారు, ఆకలీ దోమలూ అని. మీకు ఆ షాపు పని చేసుకునే చోటు. రాత్రి షట్టరు వేసి ఇంటికి వెళ్లిపోతారు. వాడికి ఆ షట్టరు లోపలే ఇల్లు. (మీకేమీ కాలేదని మాత్రం అనుకోకండి. తలనొప్పి, చేతులు తిమ్మిర్లు ఉంటే డాక్టరుకి చూపించుకోండి. ఊదడం మానేసి చిన్న ఫ్యాను పెట్టుకోండి.)

మనవాళ్లు దీన్ని చిన్న విషయం అనుకుంటారు. 2019లో కేంద్రం విడుదల చేసిన సర్వేలో గంజాయి, కల్లు, సారా, బ్రాందీ, మాత్రలు అన్నీ లెక్కేశారు. పెద్దవాళ్ల కంటే పిల్లల్లో ఎక్కువ శాతం కనిపించినది ఈ పీల్చే పదార్థాలొక్కటే. పెద్దల్లో 0.6 శాతం దాకా ఉంటే పది నుంచి పదిహేడేళ్ల వాళ్లలో 1.17 శాతం. కారణం మీకు తెలియంది కాదు. సారా కొనాలంటే డబ్బు కావాలి, మొహం పెద్దదై ఉండాలి. ఇది పుస్తకాల షాపులో, సైకిలు షాపులో ఉంటుంది, అడిగేవాడు లేడు. సీసాల్లో అమ్మే వైట్నర్‌ని 2012లోనే ఆపించారు, పెన్ను లాంటిది మాత్రం అమ్మొచ్చు. కానీ పంక్చర్ సొల్యూషన్ ఆపితే బండ్లు ఎలా నడుస్తాయి?

ఊరు మారితే ఎందుకు గుర్తురాదంటే, అలవాటు మెదడు ఒక్కదానిలోనే ఉండదు. ఆ రేకుల వేడి, షట్టరు చప్పుడు, థిన్నర్ వాసన, ఫలానా కుర్రాడి ఈల, రాత్రి పదిన్నర అవడం, ఇవన్నీ కలిసి ఇక పీల్చే టైమైంది అని వాడి ఒంటికి చెబుతాయి. వాడు అనుకునేలోపే చెబుతాయి. మామిడి తోటలో ఆ చెప్పేవేవీ లేవు. సెంటర్లోనూ లేవు. అందుకే సెంటర్లో నెల రోజులు బుద్ధిగా ఉండి మీ షాపుకి రాగానే పోయింది. సెంటర్ మోసమూ కాదు, పిల్లాడి నటనా కాదు. కాకపోతే పంపించే ముందు ఏ చోటికి వెళ్తాడని అడగకుండా పంపితే అది సగం వైద్యం. ఈ తప్పు మా వాళ్లమూ చేస్తుంటాం.

దీనికి ప్రత్యేకంగా మందు బిళ్ల ఏమీ లేదు. మాట్లాడటం, చోటు మార్చడం, రోజుకో పని ఉండటం, ఇవే వైద్యం. ఖర్చు లేకుండా మాట్లాడాలంటే 14446 మత్తు మానే హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్. రెండూ ఉచితం. తెలుగులో మాట్లాడతారు. సంక్రాంతికి తీసుకురావడం గురించి అడిగారు. నన్నడిగితే ఈ సంక్రాంతికి మీరే అక్కడికి వెళ్లండి.

---

చదువరి

నర్సుగారు చెప్పినదానికి పాత ఉదాహరణ ఒకటుంది. నేను సైకాలజీ పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి, ఆపుకోలేక రాస్తున్నాను.

వియత్నాం యుద్ధంలో 1971 నాటికి అమెరికా సైనికుల్లో హెరాయిన్ బాగా పాకింది. అక్కడ దొరికే సరుకు ఎంత స్వచ్ఛమంటే సూదులతో పనిలేదు, చాలామంది సిగరెట్లలో పెట్టుకుని పీల్చేవారు. వీళ్లంతా ఇళ్లకు తిరిగొస్తే దేశం ఏమైపోతుందోనని ప్రభుత్వం బెంబేలెత్తింది. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు ఇంటికొచ్చినవాళ్లను వెతికి పట్టుకుని అడిగింది. అక్కడ బానిసలైనవాళ్లలో మొదటి ఏడాది మళ్లీ ఆ స్థితికి దిగజారినవాళ్లు నూటికి ఐదుగురే.

ఈ కథ చెప్పి చోటు మారితే చాలు అనేస్తుంటారు. నాకది నచ్చదు. ఆ సైనికులు యుద్ధంలోంచి ఇంటికి వచ్చారు. మీ చిన్నోడిది తిరగబడ్డ కథ. వాడు ఇల్లు మునిగి యుద్ధంలోకి వచ్చాడు. మీరు షాపుకి తీసుకొచ్చిన ప్రతిసారీ మళ్లీ వియత్నాంకే పంపుతున్నారు. చనువుగా అంటున్నాను, తప్పుగా అనుకోకండి.

---

ఎర్రమట్టి

మాది తణుకు. ఫార్మసిస్టుని. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఆలిస్ స్ప్రింగ్స్‌లో నాలుగేళ్లు పనిచేశాను. ఇప్పుడు అడిలైడ్‌లో ఉంటున్నాను. మామగారి ప్రశ్న చదివితే అక్కడి సంగతులు గుర్తొచ్చాయి, ఎందుకంటే అక్కడ ఇదే గొడవ పెట్రోలుతో నడిచింది.

అక్కడి ఎడారిలో ఆదివాసీల ఊళ్లు ఒకదానికొకటి వందల కిలోమీటర్ల దూరం. పనుల్లేవు, బడి అంతంతమాత్రం, బండి మాత్రం ప్రతి ఇంటికీ కావాలి. కాబట్టి పెట్రోలు ఉంటుంది. పిల్లలు డబ్బాల్లో పోసుకుని పీల్చేవారు. కొన్నేళ్లు పీల్చినవాళ్లు నడవలేక, మాట తడబడి చక్రాల కుర్చీల్లో మిగిలిపోయారు. నేను వెళ్లేసరికి అలాంటివాళ్లు నడివయసులో ఉన్నారు. మందుల పొట్లాలు ఇస్తుంటే చెయ్యి వణికి అందుకోలేకపోయేవారు.

చట్టాలు, జైలు, తిట్లు అన్నీ అయ్యాక 2005లో ఓపల్ అని కొత్తరకం పెట్రోలు దింపారు. మామూలు పెట్రోల్లో మత్తెక్కించే ఆరోమాటిక్ పదార్థాలు పాతిక శాతం దాకా ఉంటే ఇందులో ఐదు శాతం. బండి నడుస్తుంది, మత్తెక్కదు. అది అమ్మిన ఊళ్లలో పీల్చేవాళ్లు బాగా తగ్గిపోయారు. పిల్లల్నేమీ మార్చలేదు, బంకులో సరుకు మార్చారు.

కానీ నాకు అంతకంటే ముందు జరిగిందే ఎక్కువ ఇష్టం. యుఎండుము అనే ఊరుంది, ఆలిస్ నుంచి మూడు వందల కిలోమీటర్లకి కాస్త తక్కువ. అక్కడి వార్ల్‌పిరి తెగ పెద్దలు 1994లో పోలీసుల కోసం చూడకుండా, పీల్చే పిల్లల్ని వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మౌంట్ థియో అనే తమ పాత నేలకి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. నడిచి వెనక్కి రాలేరు, పెట్రోలు దొరకదు. అక్కడ ముసలమ్మలు, ముసలాయనలు వాళ్లతో వేటకెళ్లేవారు, చెట్ల కథలు, నేల కథలు చెప్పేవారు. అచ్చం మీ అమ్మగారి మామిడి తోటే. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పిల్లల్ని పంపి ఊరుకోలేదు. యుఎండుములో రాత్రిళ్లు ఆటలు, సంగీతం, కాస్త పెద్ద కుర్రాళ్లకు చిన్నవాళ్లను చూసుకునే పనులు పెట్టారు. తిరిగొచ్చిన పిల్లాడికి రాత్రి తొమ్మిదింటికి వెళ్లడానికి ఒక చోటు ఉండాలి కదా. కొన్నేళ్లకి ఆ ఊళ్లో పెట్రోలు పీల్చడం ఆగిపోయింది.

ఇంకో సంగతి అక్కడి పాతవాళ్లు చెప్పేవారు. పశువుల ఫారాల్లో పని ఉండి, గుర్రాలెక్కి మందలు తోలిన ఊళ్లలో ఈ అలవాటు అంతగా పట్టలేదట. పరిశోధకులూ అదే రాశారు. పెట్రోలు అక్కడా ఉంది మరి.

మామగారూ, మీ అమ్మగారి తోట సరే. మామిడి కాపు అయిపోయింది కదా. ఇప్పుడు వాడు పగలంతా ఏం చేస్తున్నాడు?

---

ఆటోనగర్ మామ

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేక అమ్మకి ఫోన్ చేశానండి. పొద్దున గేదెకి గడ్డి కోసుకొస్తాడట. తర్వాత చెరువుగట్టు మీద కూర్చుంటాడట. ఫోన్ లేదు వాడికి, నేనే ఇవ్వలేదు. అమ్మేమో "ఉన్నాడ్రా బానే, కానీ ఉలుకూ పలుకూ లేదు" అంది.

నర్సుగారూ, ఆ తరిమిన సంగతి చదివాక నిన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. వంద అడుగుల రోడ్డు మీద వాడు ఆగి, లారీ పట్టుకుని వంగి ఆయాసపడ్డాడు. నటిస్తున్నాడనుకున్నా.

సైకిల్ మెకానిక్ ఒకాయన నూజివీడులో తెలుసు, అక్కడ పెడదామా అనుకుంటున్నా. చేతిలో పని ఉంటుంది కదా.

---

ఆరో ప్లాట్‌ఫారం

వద్దన్నా. సైకిల్ షాపులో మాత్రం వద్దు.

నేను పీల్చినవాణ్ణి. పదకొండేళ్లప్పుడు ఇంట్లోంచి వచ్చేసి బెజవాడ స్టేషన్లో తేలా. నా పేరు అందుకే ఇలా పెట్టుకున్నా. ఇప్పుడు ఇరవై ఏడు. తెనాలిలో ఆటో తోలుకుంటున్నా. పెళ్లైంది, పాప ఉంది.

అందరూ పదార్థం గురించే మాట్లాడుతున్నారు. మా దగ్గర పదార్థం ఆఖరున వచ్చేది. ముందు ఆకలి. తర్వాత చలి, తర్వాత భయం. రాత్రి రెండింటికి ఎవడు లేపి తంతాడో తెలీదు. ఐదుగురం కలిసి పడుకుంటే భయం తక్కువ. ఆ ఐదుగురూ పీలుస్తుంటే నువ్వొక్కడివీ పీల్చకపోతే నువ్వు వాళ్లలో వాడివి కాదు. అంతే సంగతి. నాకు సొల్యూషన్ అంటే ఇష్టమై మొదలెట్టలేదు, ఒక్కణ్ణీ పడుకోలేక మొదలెట్టా. మీ చిన్నోడు ఆ షెడ్డులో మొదటి నెల రాత్రుళ్లు ఎలా పడుకున్నాడో ఎప్పుడైనా అడిగావా?

నన్ను ఒక హోంవాళ్లు తీసుకెళ్లారు. గోడ దూకి మూడుసార్లు వచ్చేశా. నాలుగోసారి ఎందుకు ఉండిపోయానంటే, అక్కడ వంట చేసే ఒక పెద్దమ్మ నాకోసం అట్టు తీసిపెట్టేది. నేను రాకపోతే ఆ అట్టు చల్లారిపోతుందని అనేది. నవ్వుకోండి పర్లేదు. నాకు అదే పట్టు దొరికింది.

నాలుగేళ్ల తర్వాత ఏదో పనిమీద స్టేషన్‌కొచ్చా. ఆరో ప్లాట్‌ఫారం చివర నీళ్ల పంపు దగ్గరికి వచ్చేసరికి నోట్లో నీళ్లూరాయి, గుండె దడదడ. నాలుగేళ్లన్నా! ఒక్కసారి కూడా గుర్తురాలేదు అప్పటిదాకా. ఇప్పటికీ మా ఆవిడ గోళ్లకి రంగేసుకుంటే నేను బయట కూర్చుంటా. ఆటో పంక్చరైతే స్టెప్నీ నేనే మార్చుకుని, టైరు ఇచ్చి రావడానికి మా బావమరిదిని పంపిస్తా. అందుకే చెబుతున్నా, పల్లెలో గుర్తురాలేదంటే మానినట్టు కాదు. పడుకుని ఉందంతే.

ఫోన్ చేసిన ప్రతిసారీ "మానేశావా, మానేశావా" అని అడక్కండి. ఆ మాట వింటేనే అది గుర్తొస్తుంది. గేదె ఎలా ఉందని అడగండి. ఇంకా ఆ షెడ్డు కుర్రాళ్లలో మంచోడు ఒకడుంటాడు, తప్పకుండా ఉంటాడు. వాణ్ణి తిట్టకండి. మీవాడికి వాడు గుర్తొస్తుంటాడు, సొల్యూషన్ కంటే ఎక్కువగా.

ఒకటి అడగనా. మీరు వాణ్ణి చూడటానికి వెళ్లేటప్పుడు ఏ బట్టలతో వెళ్తారు?

---

స్టాఫ్ నర్సు, గుంటూరు

ఆరో ప్లాట్‌ఫారం తమ్ముడూ, ఆ ఆఖరి ప్రశ్న నాకు పదకొండేళ్ల ఉద్యోగంలో తట్టలేదు.

మామగారూ, పని అంటే షాపే అక్కర్లేదు. వాడు బడి మానేసి ఏడాది అయిందంటున్నారు, పద్నాలుగు దాటింది కాబట్టి ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టించొచ్చు. దగ్గర్లోని హైస్కూల్లో అడిగితే ఏ సెంటరో చెబుతారు. క్లాసులు సెలవుల్లోనే ఉంటాయి, చదువు ఒక్కటే రోజును నింపదు. కానీ వారానికి ఒక రోజైనా వాడి వయసు పిల్లల మధ్య కూర్చుంటాడు. చెరువుగట్టు మీద ఒంటరిగా కూర్చోవడం నాకు షట్టరు వెనకాల కూర్చోవడం కంటే పెద్ద తేడాగా అనిపించట్లేదు. ఒకసారి గుంటూరు ఓపీకి కూడా తీసుకురండి, నడక, పట్టు, జ్ఞాపకశక్తి చూస్తారు. ప్రభుత్వాసుపత్రే, వడ్డీకి తేనక్కర్లేదు.

---

ముక్కుసూటి

మామా, నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. తరిమితే గుండె ఆగుతుందని నాకు తెలీదు.

ఒకటి మాత్రం అంటా. అందరూ చోటు, చోటు అంటున్నారు. ఆ బాడీ షెడ్లో ఐదుగురు కుర్రాళ్లున్నారు కదా, వాళ్లలో పీల్చనివాడు ఒక్కడూ లేడా? ఉంటే వాడికీ అదే చోటు కదా?

---

ఆటోనగర్ మామ

ఉన్నాడు తమ్ముడూ. ఒకడున్నాడు. వెల్డింగు నేర్చుకునే పిల్లాడు, ఒడిశా నుంచి వచ్చాడు. పీల్చడు. నిన్న టీ తాగించి అడిగా, నువ్వెందుకు పీల్చవురా అని. రాత్రి ఎనిమిదింటికల్లా వాళ్ల అన్న వచ్చి సైకిల్ మీద గదికి తీసుకెళ్లిపోతాడట. "నాకు టైం లేదు అంకుల్" అన్నాడు. మావాడికి ఎనిమిదింటికి వచ్చే మనిషి లేడు. ఆ టైముకి నేను షట్టరు సగం దించి, ఇంటికి పోయేవాణ్ణి.

బట్టల సంగతి. ఆదివారం మధ్యాహ్నం దాకా షాపు చూసుకుని, అదే చొక్కాతో, అదే బండి మీద, పంక్చర్ సంచి వెనకాల కట్టుకుని వెళ్తాను. వెళ్లగానే వాడొచ్చి నన్ను వాటేసుకుంటాడు. చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇది చదివాక అమ్మకి ఫోన్ చేసి అడిగాను, నేనొచ్చి వెళ్లాక ఎలా ఉంటాడని. "నువ్వొచ్చిన రాత్రి వాడు పడుకోడ్రా. అరుగు మీద అటూ ఇటూ తిరుగుతాడు. నీమీద బెంగేమో అనుకున్నా" అంది. నేనూ ఇన్నాళ్లూ అదే అనుకుని సంతోషపడ్డా.

షాపులో మంచం తీసేశాను. డబ్బాలు ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశా, ఆ తాళం చెవి మా ఆవిడ దగ్గరుంది. ట్యూబ్‌లెస్ బండ్లే ఎక్కువొస్తున్నాయి ఇప్పుడు, చిల్లులో రబ్బరు పురి ఎక్కించడమే కాబట్టి సొల్యూషన్ వాడకం ఎలాగూ తగ్గుతోంది. సంక్రాంతికి అక్కకి నాలుగు రోజులు సెలవు అడిగాం, అందరం అక్కడికే. ఓపెన్ స్కూల్ గురించి అక్కడి హెడ్మాస్టరుగారితో మాట్లాడాలి.

ఈ ఆదివారం షాపు తియ్యట్లేదు. పొద్దున్నే తలంటుకుంటా. మా ఆవిడ బీరువాలోంచి మా తమ్ముడి పెళ్లికి కుట్టించిన చొక్కా తీసి పెట్టింది. బండి వద్దు, నున్న మీదుగా పోయే బస్సెక్కుతా. గోళ్ల సందుల్లో ఉన్నది మాత్రం సబ్బుతో పోవట్లేదు, నిమ్మచెక్క పెట్టి రుద్దుతున్నా.